కనురెప్ప వాలిందని వెళ్తే ఛాతీ తెరిచారు: నా థైమస్ ఆపరేషన్ అనుభవం

నా కుడి కనురెప్ప వాలడం మొదలైంది 2024 జూలైలో. థైమస్ అనే గ్రంథిని తీయడానికి ఛాతీ ఎముకను నిలువునా కోసి ఆపరేషన్ చేసింది అక్టోబర్ 16న. కంటికీ ఛాతీకీ ఏం సంబంధమని చుట్టాలు, తోటి టీచర్లు, చివరికి గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి కూడా అడిగాడు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నా జబ్బు పేరు మయస్థీనియా గ్రేవిస్, కండలు త్వరగా అలసిపోతాయి. ఇదే జబ్బు బయటపడి, ఛాతీ సీటీ రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్లకు పనికొస్తుంది.

నాకు 44 ఏళ్లు. హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. పొద్దున లేవగానే కన్ను మామూలుగానే ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బరువెక్కేది. చివరి పీరియడ్ కల్లా సగం మూసుకుపోయేది. బోర్డు మీద మ్యాపు గీస్తుంటే ధవళేశ్వరం రాకముందే గోదావరి రెండు పాయలుగా కనిపించేది. "టీచర్, నిద్రొస్తుందా?" అని తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. ఆగస్టులో ఒక రాత్రి చపాతీ నములుతూ నములుతూ దవడ ఆగిపోయింది. చెయ్యి ఆనించి నమలాల్సి వచ్చింది. ఇక నవ్వు రాలేదు.

కంటి డాక్టర్ చూపు బాగానే ఉందన్నారు. పక్షవాతం మొదలైందేమోనని మా అత్తమ్మ భయం. ఆమె పోరు పడలేక బ్రెయిన్ ఎమ్మారై తీయించాం. 6,500 రూపాయలు. ఏమీ లేదని వచ్చింది. రెప్ప మాత్రం పడుతూనే ఉంది.

ఆగస్టు రెండో వారంలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. బయట రెండు గంటలకు పైగా, లోపల పది నిమిషాలు. ఆయన నన్ను పైకప్పు వైపు చూస్తూ ఉండమన్నారు. నిమిషం తిరగకముందే రెప్ప జారిపోయింది. సిస్టర్‌తో ఒక గ్లౌజులో ఐసు ముక్కలు నింపించి, మూసిన కంటి మీద రెండు నిమిషాలు పెట్టించారు. తీసి చూస్తే కన్ను పూర్తిగా తెరుచుకుంది! మా ఆయన ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో తీశాడు. ఇప్పటికీ ఎవరైనా నమ్మకపోతే అవే చూపిస్తాడు. "దీన్ని మయస్థీనియా గ్రేవిస్ అంటారమ్మా. నరం పంపే కబురును కండ అందుకునే చోటును మీ ఒంట్లోని యాంటీబాడీలే చెడగొడుతున్నాయి" అన్నారు డాక్టర్.

తర్వాత రెండు పరీక్షలు. నరానికి వరసగా చిన్న చిన్న షాకులిచ్చి కండ ఎంత కదులుతుందో కొలిచేది ఒకటి. అందులో నొప్పి కంటే ఉలికిపాటే ఎక్కువ. రెండోది రక్తంలో యాంటీబాడీల పరీక్ష. శాంపిల్ బయటి ల్యాబుకు వెళ్లింది, రిపోర్టు రావడానికి వారం దాటింది, నాలుగు వేల దాకా అయింది. పాజిటివ్. ఈలోపే పిరిడోస్టిగ్మిన్ 60 మిల్లీగ్రాముల టాబ్లెట్ మొదలుపెట్టారు. వేసుకున్న అరగంట నుంచి పని చేస్తుంది, మూడు నాలుగు గంటలు నిలుస్తుంది. నేను స్కూల్ టైమ్‌టేబుల్ చూసుకుని వేసుకునేదాన్ని. కడుపులో మెలిపెట్టడం, నోట్లో నీళ్లూరడం దాంతో వచ్చే ఇబ్బందులే. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు, ఇదో కొత్త జబ్బేమోనని నాలుగు రోజులు కంగారు పడ్డాను.

యాంటీబాడీ రిపోర్టు చూడగానే ఆయన ఛాతీ సీటీ రాశారు. "కంటికి కదా సార్?" అన్నాను. రొమ్ము ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన థైమస్ అని ఒక గ్రంథి ఉంటుందట. చిన్నప్పుడు ఒంటిని కాపాడే టి కణాలు తయారయ్యేది అక్కడే. యుక్తవయసు దాటాక అది కుంచించుకుపోయి చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. ఈ జబ్బున్నవాళ్లలో నూటికి 10 నుంచి 15 మందికి అక్కడ గడ్డ ఉంటుంది కాబట్టి అందరికీ తప్పనిసరిగా సీటీ తీస్తారు. "నూటికి 85 మందికి గడ్డ ఉండదు, భయపడకండి" అని పంపించారు.

సీటీకి ముందు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష, నాలుగు గంటలు ఖాళీ కడుపు. సూదిలోంచి డై ఎక్కించగానే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది. మూత్రం వచ్చేసిందేమో అనిపిస్తుంది. రాదు. ఇది తెలిసి వెళ్తే మంచిది. 5,500 రూపాయలు కట్టాం. మర్నాడు సాయంత్రం రిపోర్టు: యాంటీరియర్ మీడియాస్టినంలో, అంటే రొమ్ము ఎముక వెనకాల చోటులో, 5.2 సెంటీమీటర్ల గడ్డ, థైమోమా (థైమస్‌లో పుట్టే గడ్డ) కావచ్చు. నేను ఆ 85 మందిలో లేను. ఆ రాత్రి మా ఆయన ఫోన్ వెలుగు తెల్లవారుజాము దాకా ఆరలేదు. నాకు వినపడకూడదని సౌండ్ తీసేసి వీడియోలు చూశాడు.

సెప్టెంబర్ మొత్తం సర్జన్ల చుట్టూ తిరగడానికే సరిపోయింది. మొదట చూసినాయన సూదితో ముక్క తీసి బయాప్సీ చేశాకే మాట్లాడదామన్నారు. హైదరాబాద్‌లో రెండో ఆసుపత్రిలో రోబోతో చేస్తామని ఆరు లక్షల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. సీటీ సీడీని ఎవరూ సరిగ్గా తెరిచి చూడలేదు, రిపోర్టు కాగితం చూసే మాట్లాడారు. మూడో ఆయన మాత్రం రిపోర్టు పక్కన పెట్టి సీడీ కంప్యూటర్‌లో వేశారు. నేనేం చేస్తుంటానని అడిగారు. చెప్పాను. "సోషల్ టీచరా? అయితే మ్యాపు చదవడం మీకు నేను నేర్పక్కర్లేదు, రండి" అని కుర్చీ తన పక్కకు జరపమన్నారు.

ఆ తర్వాత అరగంట ఆయన చెప్పిందే నన్ను ఆపరేషన్ టేబుల్ దాకా నడిపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

సీటీలో మనిషిని అడ్డంగా ముక్కలు కోసినట్టు ఒకదాని కింద ఒకటి బొమ్మలుంటాయి. మన ఎడమ పక్క తెర మీద కుడివైపు కనిపిస్తుంది, అది ముందే గుర్తుంచుకోవాలి. రెండు పక్కలా నల్లగా ఉన్నవి ఊపిరితిత్తులు. వాటి మధ్య, ముందు రొమ్ము ఎముకకూ వెనక వెన్నెముకకూ నడుమ, మెడ మొదలు నుంచి డయాఫ్రమ్ (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే ఊపిరి కండ) దాకా ఉన్న చోటంతా మీడియాస్టినమ్. అక్కడ గుండె తప్ప ఇంకేముంటుందిలే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. గుండె ఉండేది దాని కింది భాగంలో. అసలు రద్దీ అంతా పైన ఉంది.

"మెడ కింద గుంత మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరపండి" అన్నారు. రెండంగుళాలు దిగగానే ఎముక మీద అడ్డంగా ఒక చిన్న గట్టు తగిలింది. రెండో పక్కటెముక అతుక్కునేది అక్కడే. ఆ గట్టు నుంచి వెనక్కి గీత గీస్తే వీపులో నాలుగో, అయిదో వెన్నుపూసల మధ్యకు చేరుతుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, బృహద్ధమని, వంపు మొదలయ్యేదీ ముగిసేదీ ఆ గీత దగ్గరే, గాలిగొట్టం రెండుగా చీలేది కూడా దాదాపు అక్కడే. తెర మీద ఒక్కొక్క బొమ్మా దింపుతూ చూపించారు. నల్లటి గుండ్రని చుక్క గాలిగొట్టం. దాని వెనకాల నలిగినట్టు ఉన్నది అన్నవాహిక. వంపు మీంచి తలకూ చేతులకూ వెళ్లే మూడు ధమనులు. వాటన్నిటికీ ముందుగా ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఒక లావుపాటి సిర పోతోంది. ఎడమ చేతి నుంచి, తల ఎడమ భాగం నుంచి వచ్చే రక్తమంతా అందులోంచే వెళ్తుంది. థైమస్ నుంచి వచ్చే చిన్న సిరలు కలిసేది కూడా దాంట్లోనే. నా గడ్డ సరిగ్గా ఆ సిరను ఆనుకుని, కింద గుండె సంచీ మీదికి ఒరిగి కూర్చుంది. నా వయసుకు అక్కడ నల్లటి కొవ్వు తప్ప పెద్దగా ఏమీ కనిపించకూడదట. నాకు మాత్రం బూడిద రంగులో ముద్ద ఉంది.

"బయాప్సీ వద్దా సార్?" అని అడిగాను. అక్కడ పెరిగే గడ్డలు కొన్ని రకాలే అన్నారు. థైమోమా, లింఫోమా అనే లింఫు కణాల క్యాన్సర్, పుట్టుకతో ఉండిపోయిన కణాల నుంచి వచ్చే టెరటోమా లాంటివి, మెడలోంచి కిందికి జారిన థైరాయిడ్. లింఫోమా అని అనుమానముంటే ముక్క తీయాల్సిందే, ఎందుకంటే దానికి మందులే వైద్యం, ఆపరేషన్ కాదు. నాకు మయస్థీనియా ఉంది, యాంటీబాడీ పాజిటివ్, సీటీలో గడ్డ అంచు నునుపుగా ఉంది, మొత్తంగా తీసేయడానికి వీలుంది. ఇలాంటప్పుడు దాని తొడుగులోకి సూది గుచ్చితే కణాలు ఊపిరితిత్తి పొర మీద రాలే ప్రమాదం ఉంది. అందుకే నేరుగా తీసేస్తారు. మొదటి డాక్టర్ తప్పు చెప్పలేదు గానీ నా కేసుకు అది అక్కర్లేదని అర్థమైంది.

రోబో ఎందుకు వద్దంటే, గడ్డ సిరను ఆనుకుని ఉన్న మేర ఆయనకు నచ్చలేదు. "ఆ సిర చిరిగితే వెంటనే నా చెయ్యి పెట్టడానికి చోటుండాలి. చిన్న గడ్డకైతే నేనూ పక్కనుంచి చిన్న రంధ్రాలతోనే చేస్తాను" అన్నారు. ఆ మాటకు నాకు భయం పెరగాలి నిజానికి. తగ్గింది.

గడ్డ ఒక్కటే తీసేస్తే చాలదట. థైమస్ మొత్తం, మెడలోకి పాకిన దాని రెండు కొమ్ములు, చుట్టూ ఉన్న కొవ్వు, అన్నీ తీయాలి. థైమస్ తునకలు ఆ కొవ్వులో అక్కడక్కడా దాగి ఉంటాయి. ఎంతవరకు తీస్తారంటే, ఈ పక్క ఫ్రెనిక్ నరం నుంచి ఆ పక్క ఫ్రెనిక్ నరం దాకా. ఈ నరాలు మెడలో పుట్టి గుండె సంచీకి రెండు పక్కలా దిగి డయాఫ్రమ్‌కు చేరతాయి. మనం ఊపిరి పీల్చేది వాటి వల్లే. ఎడమ నరం గడ్డకు బాగా దగ్గరగా ఉంది. అది దెబ్బతింటే డయాఫ్రమ్ ఎడమ సగం పనిచేయదు. మామూలు మనిషి దాన్ని తట్టుకుంటాడు. అసలే కండలు బలహీనంగా ఉన్న నాలాంటి వాళ్లకు వెంటిలేటర్ తీయడం కష్టమవుతుంది.

నా భయం మాత్రం గొంతు గురించి. టీచర్‌కు గొంతు పోతే ఏం మిగులుతుంది? ఎడమవైపు స్వరపేటికకు వెళ్లే నరం నేరుగా గొంతుకు పోదట. మెడలోంచి ఛాతీలోకి దిగి, బృహద్ధమని వంపు కిందుగా చుట్టి, గాలిగొట్టానికీ అన్నవాహికకూ మధ్యలోంచి మళ్లీ పైకెక్కుతుంది. పిండంలో గుండె మెడ దగ్గర ఏర్పడి ఛాతీలోకి దిగేటప్పుడు ఆ నరాన్ని కూడా తనతో లాక్కుపోతుందన్నారు. కుడివైపు నరం ఇంత కిందికి రాదు, భుజం దగ్గరి ధమనిని చుట్టి వెనక్కి పోతుంది. ఇంత వంకర దారి ఉన్నందుకు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఇక్కడ చిన్న పిడకల వేట. ఇంటికొచ్చి ఈ ఆపరేషన్ గురించి చదువుతుంటే ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అనే అమెరికా సర్జన్ 1936లో మయస్థీనియా ఉన్న ఒక యువతికి థైమస్ గడ్డ తీశాడని, ఆమె కోలుకున్నాక మిగతావాళ్లు దీని మీద దృష్టి పెట్టారని తెలిసింది. 1940లలో లండన్‌లో దీన్ని గడ్డలేని మయస్థీనియా రోగులకూ చేసినవాళ్లలో ముఖ్యుడు జెఫ్రీ కీన్స్. నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను, ఆ పేరు చూసి ఆగాను. అనుమానం నిజమే, ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ సొంత తమ్ముడు. అన్న సిద్ధాంతం పరీక్షల్లో బట్టీ పట్టాను, తమ్ముడి దారిలో టేబుల్ ఎక్కాల్సి వచ్చింది.

అప్పటికి మింగడం కూడా కాస్త కష్టమవుతోంది. మంచినీళ్లు తాగితే ముక్కులోకి వచ్చేవి. ఈ స్థితిలో మత్తిస్తే తర్వాత ఊపిరి అందక క్రైసిస్ రావచ్చని ముందు ప్లాస్మా (ఆ యాంటీబాడీలు ఉండే రక్తంలోని నీటి భాగం) మార్పిడి చేయాలన్నారు. రెండో దారి ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల ఇంజెక్షన్లు, నా బరువుకు రెండు లక్షలు దాటుతుందన్నారు. ప్లాస్మా మార్పిడి కిట్టు, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) కలిపి ఒక్కోసారికి పాతిక వేల దాకా పడింది, మొత్తం అయిదుసార్లు. అక్టోబర్ మొదటి వారంలో అడ్మిట్ అయ్యాను. మెడ సిరలో లావుపాటి గొట్టం పెట్టారు. పెట్టేటప్పుడు మంట, తర్వాత తల తిప్పడానికి ఇబ్బంది. రక్తం బయటికి వెళ్లి, ప్లాస్మా వేరై, ఆల్బుమిన్‌తో కలిసి వెనక్కి వస్తుంది. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుంటే వెంటనే చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల క్యాల్షియం తగ్గుతుంది, ఇంజెక్షన్ ఇస్తే సర్దుకుంటుంది. చలి మాత్రం బాగా వేస్తుంది, దుప్పటి వెంట తీసుకెళ్లండి.

సద్దుల బతుకమ్మ నాడు నేను వార్డులోనే ఉన్నాను. మా అమ్మాయి హన్మకొండ నుంచి వీడియో కాల్ చేసి పేర్చిన బతుకమ్మను చూపించింది. తంగేడు పూలు, గునుగు పూలు తెర నిండా. పాట అందుకుందామంటే నాలుగు లైన్లకే గొంతు ముక్కులోకి పోయింది. కానీ మూడోసారి ప్లాస్మా మార్పిడి అయ్యాక ఒక పొద్దున ఇడ్లీ దవడ పట్టుకోకుండా తిన్నాను. ఎంత తేడా! మార్పిడి అయిన వెంటనే ఆపరేషన్ చేయరు, గడ్డకట్టే పదార్థాలు కూడా ప్లాస్మాతో పోతాయి కాబట్టి అవి మళ్లీ పెరిగేదాకా ఆగుతారు. అలా దసరా దాటాక 16వ తేదీ ఖాయమైంది.

ముందు రోజు చేయాల్సినవి: రక్తం ఇచ్చేవాళ్లను తెచ్చుకోవాలి, మా ఆయన ఆఫీసువాళ్లు వచ్చారు. ఒంటి మీద ఒక్క లోహపు ముక్క ఉండకూడదు. మెట్టెలు సబ్బు రాసి లాగాల్సి వచ్చింది. పుస్తెలతాడు తీయాలంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, పసుపు తాడైనా ఉంచమంది. కోసేది సరిగ్గా అక్కడే అని సిస్టర్ చెబితే ఆమె ఏమీ అనకుండా తాళిని తన కొంగున ముడేసుకుంది. కన్సెంట్ కాగితం మీద గొంతు మారవచ్చు, వెంటిలేటర్ ఎక్కువ రోజులు ఉండవచ్చు, రక్తస్రావం కావచ్చు అని వరసగా రాసి ఉంటుంది. అనస్థీషియా డాక్టర్ ఒక విచిత్రమైన పరీక్ష చేశారు. గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి రెండు మూడు లెక్కపెట్టమన్నారు. 30 దాకా వెళ్లాను. "ఈ అంకె గుర్తుంచుకోండి, రేపు మళ్లీ అడుగుతాను" అన్నారు.

పొద్దున ఏడున్నరకు లోపలికి తీసుకెళ్లారు. ఒంటిగంటకు బయటికి తెచ్చారట. నాకు తెలిసింది మర్నాడు తెల్లవారుజామున, గొంతులో గొట్టంతో. ఆ కొన్ని గంటలే మొత్తం అనుభవంలో కష్టమైనవి. మాట్లాడలేను, లాలాజలం ఊరుతూనే ఉంటుంది, యంత్రం ఇచ్చిన ఊపిరి నాది కాదు. చేతికి పలకా పెన్నూ ఇస్తే "వేడి" అని రాశాను, నా రాత నాకే రెండుగా కనిపించింది. పొద్దున తొమ్మిదికి గొట్టం తీశారు. తీశాక లెక్కపెట్టమంటే 12 దగ్గర ఆగిపోయాను. గొంతు బొంగురు. నరం పోయిందనే అనుకున్నాను. సర్జన్ వచ్చి గొట్టం వల్ల అలాగే ఉంటుంది, నరం జోలికి వెళ్లలేదన్నారు. వారంలో తేరుకుంది.

ఎక్స్-రే చూపించి, డయాఫ్రమ్ రెండు గుమ్మటాలూ ఉండాల్సిన ఎత్తులోనే ఉన్నాయన్నారు. కుడిది కాస్త పైకి ఉండటం మామూలే, కింద కాలేయం ఉంటుంది. అంటే ఎడమ ఫ్రెనిక్ నరం క్షేమం. సిర మీంచి గడ్డ శుభ్రంగా ఊడొచ్చింది. గుండె సంచీకి ఒక చోట అతుక్కున్నట్టు అనిపిస్తే రూపాయి బిళ్లంత ముక్క గడ్డతో పాటే కోసి తీశారు.

ఛాతీ నుంచి రెండు గొట్టాలు, ఒకటి ఎముక వెనక నుంచి, ఒకటి ఎడమ ఊపిరితిత్తి పక్క నుంచి. రెండూ నీళ్లున్న సీసాల్లోకి. దగ్గినప్పుడల్లా బుడగలు. షిఫ్ట్ మారినప్పుడల్లా సిస్టర్ సీసా ఎత్తి రంగు చూసేది, అన్నం తిన్నారా, పాలు తాగారా అని అడిగేది. ఎందుకో అర్థం కాలేదు. ఆహారంలోని కొవ్వును మోసుకెళ్లే లింఫు నాళం ఒకటి ఛాతీ వెనక భాగంలోంచి పైకెళ్లి ఎడమ మెడ సిరల్లో కలుస్తుందట. అది చిరిగితే తిన్నాక సీసాలోకి పాల రంగు నీరు వస్తుంది. నాది ఎరుపు నుంచి లేత పసుపుకు మారింది. నాలుగో రోజు గొట్టాలు లాగారు. ఊపిరి బిగపట్టమని చెప్పి ఒక్క లాగు. నొప్పి క్షణమే, కానీ లోపల పాము జారినట్టుంటుంది.

గాయం నొప్పి నేను భయపడినంత లేదు. దగ్గు, తుమ్ము మాత్రం నరకం. మడిచిన దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. మంచం మీంచి చేతులు ఊనకుండా పక్కకు దొర్లి లేవాలి. మూడు బంతుల ఊపిరి యంత్రం రోజంతా. ఇవన్నీ చెబుతారు. చెప్పనివి ఆడవాళ్ల సంగతులు. మామూలు బ్రా కుట్ల మీద ఒరుసుకుంటుంది, వేసుకోకపోతే బరువుకు గాయం లాగుతుంది. ముందు హుక్కులున్న మెత్తటి కాటన్‌ది ఒక సైజు పెద్దది ముందే కొనిపెట్టుకోండి. మా అక్క కరీంనగర్ నుంచి వస్తూ తెచ్చింది, ఆసుపత్రిలో అంత పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు.

డిశ్చార్జ్ 24న. మొత్తం బిల్లు ఆరు లక్షలకు కాస్త తక్కువ. రోబో వద్దనుకున్నా ప్లాస్మా మార్పిడి, ఐసీయూ కలిసేసరికి అక్కడికే వచ్చింది. మా ఆయన ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ అయిదు లక్షలది. కంపెనీ మొదట లక్షన్నరకే ఒప్పుకుంది, ప్లాస్మా మార్పిడి ఎందుకో రాసివ్వమంది, డిశ్చార్జ్ నాడు పొద్దుననగా కాగితాలు పంపితే రాత్రి ఎనిమిదింటికి ఆమోదం వచ్చింది. గ్లౌజులు, మాస్కులు, కిట్ల లాంటివి కొట్టేశారు. చేతి నుంచి లక్షా ముప్పై వేలు పడింది, ముందు పరీక్షలు కాక. వరంగల్ హైవే మీద సీటుబెల్టుకూ ఛాతీకీ మధ్య దిండు పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మా ఆయన "వస్తుంది" అని ముందే చెప్పేవాడు.

దీపావళి ముందు రోజు పెథాలజీ రిపోర్టు వచ్చింది. థైమోమా బీ1 రకం. గడ్డ ఎంత దూరం పాకిందో చెప్పే మసావోకా పద్ధతిలో రెండు ఏ స్టేజీ, అంటే తొడుగును మైక్రోస్కోపులో కనిపించేంత మేర దాటింది. అంచులు శుభ్రం. గుండె సంచీ ముక్కలో కణాలు లేవు. రేడియేషన్ కావాలా వద్దా అని డాక్టర్లంతా కూర్చుని మాట్లాడి వద్దన్నారు. కానీ థైమోమా చాలా ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి సీటీలు మాత్రం ఏళ్ల తరబడి తీయించుకోవాలి.

ఎముకను స్టీలు తీగలతో బిగించారు, అవి జీవితాంతం అక్కడే. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, బరువులు మూడు నెలలు వద్దు. అన్నం నిండిన కుక్కర్ ఎత్తకూడదు, పిండి పిసకకూడదు, గేటు తోయకూడదు, స్కూటీ అసలే వద్దు. ఒక రోజు తుమ్మితే లోపల టక్కుమంది. తీగ తెగిందని ఏడ్చేశాను. ఎక్స్-రేలో అంతా బాగానే ఉంది. కుట్ల ఎడమ పక్క అరచేతి మేర ఇప్పటికీ తిమ్మిరి.

ఇంకో మాట. గడ్డ తీయగానే మయస్థీనియా పోదు. నేను పోతుందనుకున్నాను, మా వీధి మొత్తం అలాగే అనుకుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. డిసెంబర్‌లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ మొదలయ్యాయి. ముఖం ఉబ్బింది, షుగర్ 190కి వెళ్లింది, ఇప్పుడు దానికో టాబ్లెట్. జనవరి చివర స్కూలుకు వెళ్లాను, మొదట రోజుకు రెండు పీరియడ్లే, మైకు పెట్టుకుని. 2025 ఏప్రిల్ సీటీలో రొమ్ము ఎముక వెనక ఏమీ లేదు. ఒక్క ఊపిరిలో 41 దాకా లెక్కపెట్టాను. పిరిడోస్టిగ్మిన్ సగానికి తగ్గింది, స్టెరాయిడ్ మెల్లగా దించుతున్నారు. సాయంత్రం బాగా అలసిపోతే రెప్ప కొంచెం దిగుతుంది, అంతే.

పర్సులో ఒక కార్డు పెట్టుకున్నాను: మయస్థీనియా ఉంది, దాన్ని పెంచవచ్చు కాబట్టి అమికాసిన్, జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, మెగ్నీషియం ఇంజెక్షన్, బీటా బ్లాకర్లు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. ఒకసారి జ్వరం వస్తే వీధి చివర క్లినిక్‌లో రాసిచ్చినది అజిత్రోమైసినే. వేసుకునే ముందు న్యూరాలజిస్టుకు ఫొటో పెట్టి అడిగితే వద్దన్నారు. పిరిడోస్టిగ్మిన్ మా వైపు అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. తెలిసిన షాపువాడికి రెండు రోజుల ముందు చెబితే తెప్పిస్తాడు, పండగల ముందైతే నాలుగు రోజుల ముందే చెప్పాలి.